మిరుగు దాకా

ఆమె పోయిందన్న మాట నా చెవిన పడేటప్పటికి నేను తాడు బేరంలో ఉన్నాను.

మొన్న కార్తీకంలో దేవరకొండలోని మా దుకాణానికి ఒక నడివయసు మనిషి వచ్చాడు. పడవ కట్టుకునే లావుపాటి తాడు కావాలన్నాడు. మాట తీరు ఈ ప్రాంతంది కాదు. నేనొక ధర చెప్పాను. అతను అందులో సగం దగ్గర మొదలుపెట్టాడు. ఇద్దరం మెల్లగా మధ్యకు నడుస్తున్నాం. ఆ నడకలో ఒకచోట అతను, "మా అత్త ఉంటే మీ కాడ ఇలాగ బేరం ఆడనిచ్చీది కాదు బాబూ. పోయినేడు సోమశిల కాడ కాలం సేసింది" అన్నాడు. నేను తల ఊపాను. ఇంకొక రూపాయి తగ్గించాను. తాడు కొలిచి, కోసి, చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టి, డబ్బు గల్లాలో వేశాక గాని ఆ అత్త ఎవరో నా బుర్రకు తగల్లేదు.

"మీ అత్త అంటే... సముద్రమవ్వనా?"

"ఆఁ. మీరలాగే పిలిసీవోరు కదా."

పేరేమిటని అడగబోయాను. అయిదేళ్ళు నా దుకాణం ముందు నిలబడ్డ మనిషి పేరు ఆమె పోయాక అల్లుణ్ణి అడగడానికి నోరు రాలేదు. అతను చుట్ట భుజాన వేసుకుని బస్టాండు వైపు పోయాడు. సోమశిల అంటే పాలమూరు జిల్లా, శ్రీశైలం నీళ్ళు. అంటే ఆమె మళ్ళీ సముద్రం చూడకుండానే పోయింది.

మాది చేప తినని ఇల్లు. దుకాణం మాత్రం మూడు తరాలుగా చేపను పట్టే సరుకు మీదే బతికింది. దీనికి మా నాయిన ఒక న్యాయం చెప్పేవాడు. కొత్త వల అంటే దారం, దారానికి నీసు ఉండదు, కనక అమ్మవచ్చు. నీళ్ళు చూసిన వల మాత్రం అరుగు ఎక్కకూడదు. తడి వల తెచ్చినవాడు దాన్ని రోడ్డు అవతల వేపచెట్టు కింద పెట్టి రావాలి. ఇంత సున్నితమైన ధర్మం మీద మేం కడుపు నిండా పప్పన్నం తిన్నాం.

సాగర్ నీళ్ళు చందంపేట వైపు కొండల సందుల్లోకి పాకాక, ఉత్తరాన శ్రీకాకుళం అవతలి తీరం నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి నీటి ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. ఇక్కడివాళ్ళు వాళ్ళందరినీ కలిపి సముద్రపోళ్ళు అనేవారు. ఆ గుంపుకు ఉప్పూ దారమూ కొనడానికి వచ్చేది ఆమె. మగవాళ్ళను పంపితే దారి మధ్యలో కల్లు దుకాణం ఉందని ఆమె భయం. సన్నగా, నల్లగా, ముక్కుకు రెండు వైపులా బరువైన నత్తులతో ఉండేది. చీర మోకాళ్ళ పైకి దోపేది. ఇసుకలో నడిచి అలవాటైన కాళ్ళు, తారు రోడ్డు మీద కూడా మడమ నొక్కి నొక్కి వేసేది. దూరం నుంచి చూస్తే ఈ ఊరి రోడ్డు గట్టిదని ఆమెకింకా నమ్మకం కుదరలేదేమో అనిపించేది.

ఉప్పు కొనేముందు ఒక గడ్డ నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. గిరాకీలు వెనక నిలబడి ఉన్నా సరే, తొందరపడేది కాదు.

"ఏందవ్వా, ఉప్పు గూడ రుచి సూస్తరా? ఉప్పు ఉప్పే గదా" అన్నాను మొదట్లో.

"నీకు ఉప్పే. నీ పప్పులోకి ఏదైనా సరిపోతాది. ఇది తొందరపడి తీసేసిన ఉప్పు, సేదుంది. దీన్లో ఊరిస్తే సేప నలుపెక్కుతాది." గడ్డ ఉమ్మేసి, "రేపొస్తాను, మంచిది తెప్పించు" అని వెళ్ళిపోయేది.

బేరం ఆడేది కాదు. ధర అడిగేది, వినేది, ఇష్టమైతే తీసుకునేది, లేకపోతే మారు మాట లేకుండా పోయేది. మీకు అర్థం కాకపోవచ్చు గాని, బేరమాడని గిరాకీ దుకాణదారుడికి పెద్ద అవమానం. పది చెప్పి ఎనిమిదికి ఇవ్వాలనుకున్న సరుకును పదికే తీసుకుపోతే లాభమే కదా అంటారు. ఆ పై రెండు రూపాయలు నేను చెప్పిన అబద్ధంలాగా గల్లాలో విడిగా కనబడేవి. రెండేళ్ళు తిరిగేసరికి ఈ నియోజకవర్గం మొత్తంలో ఆమె ఒక్కదానికే నేను నిజం ధర చెప్పే స్థితికి దిగజారాను. నాయిన బతికి ఉంటే దుకాణం అమ్ముకోమనేవాడు.

వల కొనేటప్పుడు ధర కంటే ముందు చేయి పెట్టేది. నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి వల కన్నులోకి తోసేది. కణుపుల దాకా దూరితే సరే. దూరకపోతే మడిచి నా వైపు జరిపేది. ఒకసారి సన్నకన్ను వల ఒకటి మిగిలిపోయి ఆమెకు అంటగట్టబోయాను.

"గిది జూడవ్వా. దీంట్ల పడ్డది ఏదీ తప్పించుకోదు. చిన్నది, పెద్దది అంత నీదే."

"అందుకే వద్దన్నాను" అంది. "నా సెయ్యి పట్టిన కంతలోంచి పిల్ల ఎల్లిపోతాది. ఎల్లనీ. ఏడాది తిరిగితే అదే తల్లయి వస్తాది."

నేను నవ్వాను. వచ్చే ఏడాది సరుకును ఈ ఏడాది వదిలిపెట్టే వ్యాపారం నేనెక్కడా చూడలేదు.

ఆమె సముద్రం గురించి చెప్పింది ఒక్కసారే. చందంపేట బస్సు రాలేదు, ఎండ మండిపోతోంది, వేపచెట్టు కింద కూచుంది. నేను మంచినీళ్ళ చెంబు ఇచ్చి, ఊరికే ఉండలేక, మీ ఊరు ఎందుకు విడిచి వచ్చిన్రని అడిగాను.

"మాకు మూడు ఈదులుండీవి బాబూ. మొదటీదిని సంద్రం తినీసింది. రెండో ఈదిలోకి జరిగినాం. దాన్నీ తింది. నా పెల్లిపందిరేసిన సోటు ఇప్పుడు అల ఇరిగే కాడున్నాది."

"మరి ఇంక జర ఎనకకు పోకపోయిన్రా?"

"ఎనక్కెల్తే రైతు నా పొలమంటాడు. ముందుకెల్తే సంద్రం నాదంటాది. మజ్జిలో ఎంతుంటాది సోటు?" నీళ్ళు తాగి చెంబు నేలమీద పెట్టింది. "అదొక్కటే కాదులే. నా సిన్నప్పుడు కవ్వల సేపలు గుమ్మం ముందు కుప్ప పోసీవోళ్ళం. ఉత్తినే పట్టుకెల్లండ్రా అంటే పట్టుకెల్లీవోడు లేడు. తరవాత్తరవాత పూటంతా తెడ్డేస్తే గాని కనపడీది కాదు. గాలి దాని నెలకి రాదు, వాన దాని నెలకి పడదు. ఒడ్డు నీరు ఏడెక్కిపోనాది. సేప సల్లదనం ఎతుక్కుని లోపలికెల్లిపోనాది. మా తెప్ప అంత దూరం ఎల్తాదా? మరబోటోళ్ళెల్తారు."

బస్సు దుమ్ము కనబడ్డాక లేస్తూ, నేను అడగని సంగతి చెప్పింది.

"ఒడ్డున పిల్ల మిగిలింది కదా, దాన్ని అలివేసి లాగినాం. మా ఆయన లాగినాడు. నానూ తాడట్టుకున్నాను. మూడేల్లు తిన్నాం. నాలుగో ఏడు ఇలాగొచ్చేసినాం."

అలివి అంటే పొడవాటి లాగుడు వల. కళ్ళు దోమతెరలాగా ఉంటాయి. నీళ్ళకు అడ్డంగా వేసి, రెండు కొసలూ పదేసి మంది పట్టుకుని ఒడ్డుకు గుంజుతారు. నీళ్ళు తప్ప మరేదీ అందులోంచి బయటికి పోదు. ఇప్పుడు పత్రికల్లో భూమి వేడెక్కుతోందని రాస్తున్నారు, సముద్రాలు పొంగుతాయంటున్నారు. అవి చదివినప్పుడల్లా, నాకు ఈ వార్త ఎప్పుడో వేపచెట్టు కింద చెంబెడు నీళ్ళకు దొరికిందే అనుకుంటాను. అప్పుడు దాన్ని ఒక ముసలామె ఇంటి కష్టమనుకున్నాను. 

ఎనభైల మధ్యలో రెండేళ్ళు వరసగా ఇక్కడ వానలు మొహం చాటేశాయి. సాగర్ నీళ్ళు వెనక్కి వెనక్కి జరిగాయి. ఆ నీళ్ళలో కలిసే మా వాగు ఎండి బండలు తేలింది. వాగు దిగువ కొసన రాళ్ళ మధ్య ఒక లోతు మడుగు మాత్రం మిగిలింది. చుట్టుపక్కల బతికిన బొచ్చె, రవ్వ చేపలన్నీ అందులోకి చేరాయి. కొత్తనీళ్ళు వాగు మీంచి దిగగానే చేప ఎదురెక్కుతుందనీ, పైన గడ్డిలో గుడ్లు పెడుతుందనీ, ఆ ఒక్క మడుగు నిలిస్తే మొత్తం నీళ్ళు మళ్ళీ నిండుతాయనీ ఆమె లెక్క. మడుగులో వల వెయ్యొద్దని గుంపుకు గట్టిగా చెప్పింది. ఆడవాళ్ళు మట్టిపనికి పోయారు. మగవాళ్ళు సాగర్‌లో దొరికిన నాలుగు చేపలతో సరిపెట్టుకున్నారు. ఈ మడుగు పోతే మళ్ళీ గుడిసెలు పీక్కోవాలి. ఇంకోసారి పీకనని ఆమె పట్టుబట్టి ఉంది.

అప్పుడే ఆ నీళ్ళ గుత్త తీసుకున్న కాంట్రాక్టరు నా దగ్గరికి వచ్చి అలివి వల కావాలన్నాడు. నా దగ్గర లేదు. హైదరాబాదు నుంచి తెప్పిస్తానన్నాను.

మూడో రోజు ఆమె వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఎప్పుడూ కింద నిలబడే మనిషి ఆ రోజు అరుగెక్కి కూచుంది.

"ఆ వల అమ్మకుండా ఉండడానికి ఏటి తీసుకుంటావు?"

నా జన్మలో ఎన్నిటికో ధర చెప్పాను. అమ్మకపోవడానికి ధర ఎవరూ అడగలేదు. అయినా నాలోని దుకాణదారుడు తేరుకున్నాడు. హైదరాబాదు సరుకు ఎట్లాగూ నెల దాకా రాదు. రాని సరుకును అమ్మకుండా ఉండడానికి నాకేం ఖర్చు?

"ఎన్ని దినాలు అమ్మొద్దు?"

"నీరొచ్చీదాకా."

"గట్ల గాదు అవ్వా. నీళ్ళు ఎప్పుడొస్తయో ఎవలకెరుక? దుకాణపోనికి తారీఖు గావాలె. గీ దినం దాకా అని చెప్పు, ఆగుత."

ఆమె చాలాసేపు ఆలోచించింది. వేళ్ళు మడిచి కార్తెలు లెక్కపెట్టుకుంది. "మీరు మిరుగంటారు కదా, మురగశిర. దానికి వాగు పారకుండా ఉంటాదా? దాని దాకా ఆగు" అంది.

నీళ్ళను తారీఖుగా మార్పించింది నేనే. ఆ బేరం అంత బాగా మరే బేరమూ చెయ్యలేదు.

బదులు ఏమిస్తావని కూడా అడిగాను. సిగ్గులేదు. గోదాంలో ఎలుకలు కొరికిన వలలు గుట్ట పడి ఉన్నాయి, అమ్ముడుపోవు, పారెయ్యబుద్ధి కాదు. అవి బాగుచేసి ఇస్తానంది. పదకొండు రోజులు చందంపేట నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి, అరుగు మీద కూచుని, కాలి బొటనవేలికి వల తగిలించి, వెదురు సూదితో కన్ను వెనక కన్ను అల్లింది. తల ఎత్తేది కాదు. గిరాకీలు ఆగి చూసేవారు. అయిపోయాక వలలు ఎండలోకి పట్టి చూశాను. ఎలుక కొరికిన చోటు ఎక్కడో నాకే దొరకలేదు. అవన్నీ కొత్త వలల ధరకే అమ్మాను. ఆ సంగతి ఆమెకు తెలుసు. "సచ్చు నీటికి ఆగుతాయిలే" అంది. అల లేని నీళ్ళను ఆమె అట్లాగే అనేది.

మిరుగు వచ్చింది. మా వైపు మిరుగు నాడు చేప తినే ఇళ్ళన్నీ చేప తినాల్సిందే. ఉబ్బసానికి మంచిదని, ఒంట్లో వేడి పుట్టిస్తుందని ఏవేవో చెబుతారు. ఆ రోజు ఆకాశంలో అరచేతి మందం మబ్బు లేదు. పొద్దున ఏడింటికే వడగాలి. హైదరాబాదు మూట అనుకున్నదానికంటే ముందే వచ్చి వారం రోజులుగా దుకాణం వెనక పడి ఉంది. నేను తలుపు పలకలు తీసేటప్పటికే కాంట్రాక్టరు బయట నిలబడి ఉన్నాడు.

"ఏం సేటూ, ఇయ్యాల మిరుగు. ముసలామెకు నువ్విచ్చిన గడువు అయిపాయె. తియ్యి సరుకు. ఊరంత చాపల కోసం మొకం వాచి ఉన్నది."

మూట బయటికి తెచ్చి విప్పుతుండగా ఆమె బస్సు దిగి వచ్చింది. అరుగెక్కలేదు.

"పదిహేను రోజులు బాబూ. ఇంక పదిహేనే."

"అవ్వా, మాట మిరుగు దాకనే గదా. నేను తప్పిన్నా చెప్పు? ఒక్క దినం ముందుగాల ఇచ్చిన్నా?"

"తప్పలేదు. నువ్వు తారీకడిగినావు, నానిచ్చినాను." ఆకాశం వైపు చూడలేదు. చూడడానికి ఏమీ లేదని ఆమెకు తెలుసు. "మా అత్తలనాటినించి మురగశిరకి తడవని నేల నాను సూడ్లేదు. అది నమ్మి ఇచ్చినాను."

కాంట్రాక్టరుకు విసుగొచ్చింది. "ఏడుపు మొకం పెట్టకు ముసలమ్మా. మీ అల్లుడే తాడు గుంజుతనన్నడు. మీ గుంపుల పది మందితోని కూలి మాట్లాడిన. అడుగు పో."

"తెలుసు బాబూ" అంది. "ఆకలేస్తే నానూ గుంజినాను."

ఇక అప్పుడు నేను ఏదైనా అనవలసింది. పదిహేను రోజులు పెద్ద గడువు కాదు, కాంట్రాక్టరు నన్ను కొట్టేవాడు కాదు. నేను వల బారలు కొలిచాను. గిరాకీ తొందరలో ఉన్నప్పుడు ధర పైన నిలబడాలని మాకు పాలతో పాటు నేర్పుతారు. నిలబడ్డాను. మంచి ధరే వచ్చింది. నేను తలెత్తేసరికి ఆమె బస్టాండు దారిలో ఉంది, మడమలు నొక్కి వేసుకుంటూ.

మడుగు గుంజడం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయిందని విన్నాను. మూడు రోజులు దేవరకొండలో చేప వంకాయ కంటే చవక. వేలెడంత పిల్లలు ఒడ్డున గుట్టలుగా ఎండిపోయాయట, ఏరుకునేవాడు లేక.

వాన మిరుగు దాటిన మూడు వారాలకు పడింది. రాత్రంతా కురిసి తెల్లవారి తెరిపిచ్చింది. చందంపేటలో ఒక పెండ్లి ఉందని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. అన్నేళ్ళు ఆ గుంపుకు సరుకు అమ్మాను గాని వాళ్ళుండే చోటు చూడడం అదే మొదలు. గుడిసెలు సగం లేవు. పీకేసిన గుంజల గుంతల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాగు ఎర్రగా, నురగలు కట్టి దిగుతోంది. మడుగు పక్కన బండ మీద ఆమె కూచుని ఉంది.

"వచ్చినావా" అంది, నేను వస్తానని ముందే తెలిసినట్టు. "ఆ రాయి కాదు, పాకుడుంది. ఇటు కూకో."

కూచున్నాను. నాకు తెలిసిన ఒకే భాషలో మొదలుపెట్టాను.

"వచ్చే ఏడు చాపపిల్లలు తెచ్చి ఇడుద్దాం అవ్వా. సర్కారోళ్ళ కాడ దొరుకుతయంట. పైసలు నేను పెట్టుకుంట."

"ఇడు. మంచిదే."

ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. దానికి తారీఖు పెట్టలేదు మరి.

"మీరుంటరా?"

"ఎల్లుండి ఎల్లిపోతాం. కిట్నా పైకంట. అక్కడ నీరున్నాదంటన్నారు." కళ్ళు మాత్రం వాగు మీంచి తియ్యలేదు.

ఎండ ఎక్కింది. మేమట్లాగే కూచున్నాం. ఆమె దేనికోసం చూస్తోందో తెలిసి నేనూ చూడడం మొదలుపెట్టాను. చేపను ఎప్పుడూ బతికుండగా చూడనివాణ్ణి, ఎర్రనీళ్ళలో ప్రతి నురగనూ చేపే అనుకున్నాను. చాలాసేపటికి ఆమె నా మణికట్టు పట్టుకుంది. అప్పటిదాకా ఆమె చెయ్యి ఎప్పుడూ నాకు తగల్లేదు. కొయ్యలాగా గరుగ్గా ఉంది.

"అదిగో."

మోచెయ్యంత పొడవు చేప. ధారకు ఎదురుగా ఎగిరి మొదటి బండ మెట్టు ఎక్కింది. జారింది. మళ్ళీ ఎక్కింది. పైన పలచటి నీళ్ళలో, మునిగిన గడ్డి పక్కన నిలబడింది. వీపు సగం నీళ్ళ బయటే ఉంది.

"ఆడది. కడుపు సూడు" అంది.

"ఇంక రావాలె గదా? మగయి?"

ఆమె మడుగు వైపు చూసింది. నేనూ చూశాను. మడుగులోంచి ఎర్రనీళ్ళు తప్ప ఏమీ కదల్లేదు. చేప గడ్డి చుట్టూ ఒకసారి తిరిగింది, మళ్ళీ నిలబడింది. బస్సు హారను ఎక్కడో దూరంగా వినిపించింది. అంతసేపూ ఆమె నా చెయ్యి వదల్లేదు.

కాసేపటికి చేప మొహం తిప్పుకుని ధారలో పడి కిందికి జారిపోయింది. ఆమె చెయ్యి వదిలింది.

"ఎందుకు పోయింది అవ్వా?"

"తోడు రాలేదు" అంది. చీర కొంగు పిండుకుని భుజాన వేసుకుంది. "ఎల్లు బాబూ, బస్సెల్లిపోతాది. తడి రాయి, సూసి దిగు."

దిగాను. దారి మలుపు దగ్గర వెనక్కి చూశాను. ఆమె బండ మీదే ఉంది, వాగు వైపు మొహం పెట్టుకుని.